రెండో కాపడం

ఓవెన్ తలుపు మూయడంలో కూడా ఆమెకో దర్జా. రెండు వేళ్ళతో తోసి, క్లిక్‌మనగానే చెయ్యి కోటు జేబులో పెట్టేసుకుని, నా వంక కాకుండా నా వెనక గోడ మీది గడియారం వంక చూస్తూ, "అరవై డిగ్రీలు, ఎనభై నిమిషాలు. మీరూ చూశారు కదా, నెవెంకా గారూ" అంది. చూశాను, కళ్ళున్నాయి కదా నాకు. మీరట, గారట. జెనీవాలో ఒకే గదిలో, ఒకే హీటరు ముందు నాలుగు పాదాలూ వరసగా చాపుకుని ఏమే అంటే ఏమే అనుకున్న జోరా, నా మేజోళ్ళు తొడుక్కుని మీటింగుకు వెళ్ళిపోయిన జోరా, ఇప్పుడు నన్ను గారూ అంటోంది. నేనేం తక్కువ తిన్నానా, "చూశానండీ" అన్నాను. అండీ దగ్గర కాస్త ఒత్తాను కూడా. కమిటీ వాళ్ళ తెలివే తెలివి. మా గుంపు కొలత ఆమె గుంపు నమ్మదు, ఆమె గుంపు కొలత మేం నమ్మం, కాబట్టి రెండు ముక్కలూ ఒకే పళ్ళెంలో, ఒకే ఓవెన్‌లో, రెండు గుంపుల పెద్దలూ ఎదురెదురుగా కూర్చుని కాపలా కాస్తుండగా, మధ్యలో ఎవరూ లేవకుండా, తలుపు తీయకుండా జరగాలని షరతు. తలుపు తీస్తే వేడి పడిపోతుంది, పడిపోయినట్టు పక్కనున్న తెర మీద గీతలో అచ్చుపడి ఉండిపోతుంది, ఆ గీత పట్టుకుని జెనీవాలో వంద ప్రశ్నలు వేస్తారు, అప్పుడు నా ముక్కకూ దిక్కుండదు, ఆమె ముక్కకూ దిక్కుండదు. గోరంత సిలికాన్ ముక్కలవి. ఎడమవైపు నాది, కుడివైపు ఆమెది. రెండూ సావా నది ఒడ్డునున్న రియాక్టర్ గొట్టంలోకి దిగి న్యూట్రాన్ల చేత చితకబాదించుకుని వచ్చినవే, జెనీవా యంత్రంలో ఏళ్ళ తరబడి తినాల్సిన దెబ్బలు ఒక్క పూటలో తిని. దెబ్బలు తిన్న ఒంటికి కాపడం పెట్టినట్టే సిలికాన్‌కూ పెట్టాలి, అప్పుడు గానీ దాని అసలు సత్తువ తెలియదు. ఎనభై నిమిషాలు పెడితే లోపలి గాయాలు కొంత సర్దుకుంటాయి. అంతకు మించి పెడితే తిరగబెడుతుంది. జ్వరం తిరగబెట్టినప్పుడు మొదటిసారి కంటే మొండిగా ఉంటుందే, అలాగే. ఇక ఎంత వోల్టేజి ఎక్కించినా లేవదు. చివరికి అంచు దగ్గర ఒక నిప్పురవ్వ మెరిసి పోతుంది.

కూర్చుంది. బల్లకు అటు పక్క, మోకాళ్ళు దగ్గర పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్న దానిలా. త్రియెస్తె నుంచి పొద్దున్నే కారు వేసుకుని వచ్చింది. అక్కడ బుర్యా గాలి మనుషుల్ని ఎత్తి పడేస్తోందట, ఇక్కడ లుబ్లియానాలో మంచు దిగి పక్క భవనం కూడా కనిపించడం లేదు. "మీ ఊరి మంచు మారలేదు" అంది వస్తూనే. మీ ఊరట. ఇరవై రెండేళ్ళు ఈ ఊళ్ళోనే ఏడిచిందిగా, అప్పుడు ఎవరి ఊరో. భవనమంతా ఖాళీ. సెయింట్ మార్టిన్ పండగ, కొత్త వైన్ పీపాలు తెరిచే రోజులు, ఒక్కొక్కడూ తన పొలం గుడిసెకో మామగారి పొలం గుడిసెకో పోయి కాల్చిన బాతూ ఎర్ర క్యాబేజీ మెక్కుతూ ఉంటాడు. మా ఇద్దరికే పండగ లేదు. నత్రజని సుయ్‌మంటూ ఓవెన్‌లోకి పోతోంది. ఆ చప్పుడు వినగా వినగా ఎవరో పళ్ళ సందుల్లోంచి ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది, ఒక్కోసారి అది నేనేనేమోనని చూసుకుంటాను. రేపు కమిటీ కూర్చుంటుంది. కొత్త డిటెక్టర్‌లో అన్నిటికంటే లోపలి పొర, కణపుంజాలు ఢీకొనే చోటుకు అన్నిటికంటే దగ్గరి పొర, దానికి నా సెన్సారా, ఈమె సెన్సారా. గెలిచినవాళ్ళది వేల సంఖ్యలో తయారై భూమి కింద కూర్చుంటుంది, ఓడినవాళ్ళది సొరుగులో కూర్చుంటుంది. ఇలాంటి డిటెక్టర్లు ఏడాదికొకటి కట్టరు. ఇరవై ఏళ్ళకొకటి కడతారు. ఇది పోతే నాకు ఇంకోటి లేదు, ఆమెకూ లేదు, మా ఇద్దరికీ జుట్టు నెరిసింది, ఆమె రంగేసుకుంది అంతే. నిండు దెబ్బ తిన్న ముక్కలు చెరొకటే మిగిలాయి. మిగతావి కొలతల్లో పేలిపోయాయి. నేను బోరాన్ పొరలో కార్బన్ కలిపాను, న్యూట్రాన్ తగిలినా బోరాన్ చెక్కుచెదరకుండా కార్బన్ అడ్డుపడుతుంది. ఆమె ఏ మందూ కలపలేదు, పొరను లోతుగా పాతిపెట్టింది. పాతిపెట్టడం ఆమెకు బాగా చేతనవును.

ఎండు అంజూర పళ్ళ పొట్లం విప్పింది. ఒకటి తీసుకుంది. పొట్లాన్ని బల్ల మధ్యకు జరిపింది, ఇటు ఒక జానెడు, అటు ఒక జానెడు, తీసుకోమని అనకుండా. నేను తీసుకోలేదు. పొట్లం పక్కన, తన ముక్కను తీసిన తరువాత ఆమె అలవాటుగా విసిరేసిన చిన్న ప్లాస్టిక్ సంచి. మడత విప్పుకుని నెమ్మదిగా లేస్తోంది, మా ఫ్రీజర్‌లోంచి వచ్చినదేమో, చెమ్మ పట్టి. దాని మూల నా వైపు తిరిగింది. మూలలో నీలం చుక్క.

మరక అనుకున్నాను ముందు. పెన్ను ఆనిందేమో అనుకున్నాను. కాదు, గుండ్రంగా, నిండుగా, పెన్ను ఒకచోట ఆనించి తిప్పితే పడే చుక్క. మాతో పనిచేసే లాదో చుక్క. లాదో పెడితే అలాగే పడుతుంది, పెద్దగా, పెళ్ళిచుక్కలా. మా లాబ్‌లో ఆ చుక్కకు ఒక్కటే అర్థం. ఈ ముక్కకు కాపడం అయిపోయింది, మళ్ళీ పెట్టకండి. గోడ మీద ఎక్కడా రాసి లేదు. అందరికీ తెలిసినదాన్ని ఎవరు రాస్తారు. వంటింట్లో ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాసుకోం కదా. ఆ పద్ధతి పెట్టింది నేనే. ఎందుకు పెట్టానో లాబ్‌లో కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పాను, చెప్పిన ప్రతిసారీ జోరా పేరు చెప్పాను, చెప్పిన ప్రతిసారీ కాస్త కారం ఎక్కువే చల్లాను. చుక్క మొదలయ్యేనాటికి ఆమె వెళ్ళిపోయింది. ఆమె వల్లే చుక్క వచ్చింది, ఆమెకు తప్ప అందరికీ చుక్క తెలుసు. నా ఎదురుగా కూర్చుని అంజూర గింజలు పళ్ళ మధ్య కొరుక్కుంటున్న ఈ మనిషి, వండిన అన్నాన్ని మళ్ళీ పొయ్యి మీద పెట్టి, నా సాక్షిగా, కమిటీ సాక్షిగా, మంట పెంచుకుని కూర్చుంది. గడియారం చూశాను. మొదలుపెట్టి ఎంతోసేపు కాలేదు. ఇప్పుడు చెబితే తీసేయొచ్చు. ముక్కకు ఏమీ కాదు. తలుపు తీసినట్టు గీత పడుతుంది, నా ముక్క మీద కూడా పడుతుంది, కానీ ఆమె ముక్క బతుకుతుంది. నోరు తెరవాలి, అంతే. తెరిచాను కూడా. "లోపల వేడి సరిగానే ఉంది" అన్నాను. ఆమె తలూపింది.

చెర్రీలు. బ్రదా కొండల చెర్రీలు, ఇరవై ఏళ్ళ కిందటి జూన్ నెల, కాగితం పొట్లం నిండా, ఇదే గది, ఇంతకంటే పాత ఓవెన్. లోపల నా ముక్క, నేను మూడేళ్ళు కూర్చుని గీసిన చారల సెన్సార్, అదొక్కటే మిగిలింది అప్పుడు కూడా. ఎప్పుడూ ఒక్కటే ఎందుకు మిగులుతుందో. ముందు రోజు ఎవరో పరాయి గుంపువాడు తన ముక్కలతో పాటు నాదీ ఓవెన్‌లో పెట్టి కాపడం ముగించి పోయాడు, నాకు తెలియదు. జోరా ముందు రోజు గదిలోనే ఉంది. ఆ రోజు నేను మళ్ళీ పెడుతుంటే పక్కనే కూర్చుంది, చెర్రీ గింజలు అరచేతిలోకి ఉమ్ముతూ, నాకు కబుర్లు చెబుతూ, గడియారం చూస్తూ. అవును, చూసింది. చూసి నా వంక చూసి మళ్ళీ గింజ ఉమ్మింది. తరువాత మీటింగులో గోడ మీద నా ముక్క కొలత గీత పడింది, వంకరగా, దిక్కుమాలినదానిలా, గదిలో ఎవరికీ ఊపిరాడటం లేదు, అప్పుడు ఈవిడ గొంతు, "ఆగండి, ఈ ముక్క నిన్న కూడా ఓవెన్‌లో ఉన్నట్టు గుర్తు" అని. గుర్తట. గుర్తు ఎనభై నిమిషాలు ఎక్కడికి వెళ్ళిందో. ఇంకో ముక్క లేదు, ఇంకో వారం లేదు, వాళ్ళు ఆమె నమూనానే తీసుకున్నారు. అది ఇప్పటికీ భూమి కింద పనిచేస్తోంది, బాగానే పనిచేస్తోంది, ఆ ఒక్క మాట ఒప్పుకోవాలి. వరండాలో పట్టుకుని అడిగాను. నువ్వు చూసి ఊరుకున్నావు అన్నాను. "అప్పుడే గుర్తొచ్చిందే. నిజంగా, అప్పుడే, ఒట్టు" అంది. కళ్ళలో నీళ్ళు కూడా పెట్టుకుంది. ఎవరైనా పెట్టుకుంటారు, తేరగా వచ్చే నీళ్ళు. పాము అన్నాను. ఇంకా చాలా అన్నాను, తలుపులు తెరుచుకుని అందరూ విన్నారు. తరువాతి వసంతానికి ఆమె త్రియెస్తె వెళ్ళిపోయింది. నేను చుక్క కనిపెట్టాను.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆమె అడగలేదు. సంచి మీద ఏమైనా గుర్తుందా అని అడిగితే చెప్పనా, చెబుతాను. పరాయి లాబ్‌కి వచ్చి ఫ్రీజర్‌లోంచి తీసుకునేటప్పుడు అడగాలి కదా, ఈ ముక్క గురించి నేను తెలుసుకోవలసిందేమైనా ఉందా అని. అడిగితే చిన్నతనం ఆమెకు. అదీగాక నీలం చుక్క అంత మాత్రాన కాపడం అయినట్టే అని ఎక్కడుంది, లాదోకు మతిమరుపు, సంచి పాతదై ఉండొచ్చు, పాత సంచిలో కొత్త ముక్క వేసి ఉండొచ్చు, పిసినారి. ఉండొచ్చు. ఉండొచ్చు అనే మాట ఎంత చల్లగా ఉందో. అది పట్టుకుని కూర్చున్నాను కాసేపు. ఓవెన్ మీద మిగిలిన నిమిషాల ఎర్ర అంకెలు ఒక్కొక్కటీ దిగుతున్నాయి, అంకె దిగినప్పుడల్లా సిలికాన్‌లో ఏదో ఒక మూల ఒక చిన్న లోపం ఇంకో చిన్న లోపంతో చేతులు కలుపుతోంది. నాకు తెలుసు, నేను ఆ లోపాలనే ముప్పై ఏళ్ళుగా లెక్కపెడుతున్నాను, అవి కలవడానికి కాస్త వెచ్చదనం చాలు, తగాదాకోరులు కలిసినట్టు కలుస్తాయి. జోరా మెడ వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. మెడ కింద చర్మం వదులైంది. పెద్దదైపోయింది. అయ్యింది, నేను కాలేదా. జాలి కూడానా ఇప్పుడు, అదొక్కటే తక్కువ. ఫోన్ మోగింది.

లాదో. అవతల అకార్డియన్ మోత, ఎవరో పాడుతున్నారు, పాట అనాలా దాన్ని. "నెవెంకా! కొత్త వైన్ ఎలా కుదిరిందనుకున్నావు! నువ్వు రాలేదు, నీ ఖర్మ."

"చెప్పు."

"జోరా వచ్చిందా? మన గుమ్మం తొక్కిందంటే గొప్పే. ఇదుగో, ఆవిడ ముక్కకు మొన్నే కాపడం పెట్టేశాలే, నావి పెడుతూ పెడుతూ. అంత దూరం నుంచి వచ్చే మనిషిని ఓవెన్ ముందు కూర్చోబెట్టడమెందుకని. చుక్క కూడా పెట్టాను. తిన్నగా కొలతకు వెళ్ళిపొమ్మను, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరుతుంది."

మర్యాద. చూశారా, మర్యాద ఎంత పని చేస్తుందో. కమిటీ పంపిన షరతులు వీడు చదివి ఉంటే కదా. ఈ దేశంలో చుట్టం మీద చెయ్యి పడిందంటే చుట్టం బతకడం కష్టం, తినిపించి చంపుతారు, ఆఖరికి చుట్టం సిలికాన్‌ను కూడా వదలరు.

"ఆఁ, చెప్తాలే" అన్నాను.

"కొట్టుకోకండి ఇద్దరూ."

"నీ వైన్ నువ్వు తాగు, పో."

ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాను. జోరా కళ్ళు తెరిచింది. "ఎవరు?"

"లాదో. మీకు నమస్కారాలు చెప్పమన్నాడు."

"మంచివాడు" అంది.

"మరీ మంచివాడు" అన్నాను.

ఇక ఉండొచ్చు లేదు. ఇక ఉంది అంతే. ఇప్పటిదాకా నోరు మూసుకోవడం ఒక రకం, ఇప్పుడు ఇంకో రకం, మొదటిదానికి మరక అని పేరు పెట్టుకోవచ్చు, దీనికి ఏ పేరు పెట్టుకోను. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. కానీ ఇందులో నాకు కొత్తగా తెలిసిన సంగతి ఒకటుంది, అది నాకు నచ్చలేదు. ఊరుకోవడం అనేది ఒకసారి చేసే పని కాదు. నేనింతకాలం అలాగే అనుకున్నాను, ఆ చెర్రీల రోజున జోరా ఒక క్షణంలో, చల్లగా, చెప్పకూడదని తీర్మానించుకుందని, తీర్మానించుకుని హాయిగా గింజలు ఉమ్మిందని. అలా ఉండదు. ప్రతి నిమిషం మళ్ళీ కొత్తగా ఊరుకోవాలి. ఇప్పుడు చెబుదాం అనిపిస్తుంది, ఈ అంకె దిగాక చెబుదాం అనిపిస్తుంది, అంకె దిగాక ఇంతసేపు ఎందుకు చెప్పలేదని అడుగుతుందే అనిపిస్తుంది, ఆ ప్రశ్నకు భయపడి ఇంకో అంకె దిగనిస్తాం, దాంతో ప్రశ్న ఇంకాస్త పెద్దదవుతుంది. ఏదో క్షణంలో చెప్పడం కంటే చెప్పకపోవడమే మర్యాద అనిపించడం మొదలవుతుంది. ఆమెకూ ఇలాగే అయిందా. లేక నిజంగానే గుర్తు లేదా. నిజంగానే, చెర్రీలు తింటూ, ఎండ పడుతూ, పక్కన నేను వాగుతూ, ముందు రోజు ఓవెన్‌లో ఏ ముక్క ఉందో ఎవరికి గుర్తుంటుంది. ఛీ, ఇదేమిటి, నేను దాని తరఫున వాదిస్తున్నానా. ఇన్నేళ్ళు అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకొచ్చానే, నిద్రలో లేపి అడిగినా చెబుతానే, చూసి ఊరుకుంది అని. చూసి ఊరుకుంది. ఊరుకుంది కాబట్టి ఇప్పుడు నేను ఊరుకుంటాను. చెల్లుకు చెల్లు. దానికి తెలియకుండా తీరే బాకీ ఏం బాకీ అని లోపల ఎవరో అడిగారు, నోర్మూసుకో అన్నాను. రేపు గోడ మీద దాని గీత పడుతుంది, వంకరగా, గదిలో ఎవరికీ ఊపిరాడదు, నేను లేచి, ఆగండి అనను. అనను. ఇంటికి వెళ్ళి పడుకుంటాను. పడుకుంటానా.

సూక్ష్మదర్శిని తెర మీద ఇంకా చివరి బొమ్మ అలాగే ఉంది. ఓవెన్‌లో పెట్టేముందు ఆమె తన ముక్క అంచులు చూసుకుని ఆర్పకుండా వదిలేసింది. ఇంతసేపూ అటు చూడకుండా ఉన్నాను, పరాయివాళ్ళ వంటిల్లు తొంగి చూడనట్టు, నిజానికి చూస్తే బాగుంటుందేమోనని భయం. చూశాను. బాగుంది. అంచు చుట్టూ కాపలా గీతలు, ఒకదాని వెనక ఒకటి, ఎక్కడా వణుకు లేదు, గీత గీతకూ మధ్య ఎడం లోపలి నుంచి బయటికి కొంచెం కొంచెం పెరుగుతూ, పని తెలిసిన చెయ్యి. మూల దగ్గర అన్ని గీతలూ కలిసి మలుపు తిరుగుతాయి. సిలికాన్ చచ్చేది ఎప్పుడూ మూలలోనే. మూల పదునుగా ఉంటే కరెంటంతా అక్కడికే పరుగెత్తి రవ్వ లేస్తుంది, మరీ గుండ్రంగా ఉంటే చోటు వృథా, ఎంత వంపు ఉండాలో ఏ పుస్తకంలోనూ లేని రోజుల్లో ఒక మధ్యాహ్నం మేమిద్దరం కింది అంతస్తులో గీసిందంతా చింపి, చింపి, విసిగిపోయి, ఆమె తన కాఫీ కప్పు తీసి కాగితం మీద బోర్లించి దాని అంచు వెంబడి పెన్సిల్ తిప్పింది. మడ్డి కారి కాగితం పాడైంది. నేను తిట్టాను. "ఇదే వంపు, చూడవే, కావాలంటే పందెం" అంది. ఆ వంపునే కుదించి గీశాం. పేలలేదు. వెయ్యి వోల్టులు ఎక్కించినా పేలలేదు, ఆ వేళ మేం ఒకళ్ళ చేతులు ఒకళ్ళం పట్టుకుని గదంతా గెంతాం, కింద ఉన్నది గ్రంథాలయమని మర్చిపోయి. ఆమె వెళ్ళిపోయాక నా నమూనాల్లోంచి ఆ వంపు తీసేశాను. నాలుగు పేలిపోయాయి, అయిదోదానికి వేరే వంపు దొరికింది, అంత మంచిది కాదు. తెర మీద ఉన్నది ఆ కప్పు వంపే. దాన్ని నేను చీకట్లో తడిమి కూడా గుర్తుపడతాను.

"మూల చూశారా?" అంది జోరా. నేను తెర వంక చూడటం చూసింది. గొంతు మామూలుగానే ఉంది, గొంతు మామూలుగా ఉంచడానికి ఎంత కష్టపడుతోందో కూడా వినిపిస్తోంది. "మార్చలేదు నేను. చాలామంది మార్చమన్నారు."

దాంతో ఒళ్ళు మండిపోయింది నాకు. ఇన్నేళ్ళ తరువాత వచ్చి, మీరూ గారూ అని గంటసేపు చలిలో నిలబెట్టి, ఇప్పుడు ఒక్క మూల చూపించి అన్నీ కడిగేసుకుందామనా. ఎవరిది ఆ మూల? కప్పు నీదైతే కాగితం నాది, పెన్సిల్ నాది, కుదించి గీసింది నేను, వోల్టేజి ఎక్కించింది నేను. ఆ మూల సగం నాది. నా మూలను ఓవెన్‌లో పెట్టి ఉడకబెడుతోంది ఈ దద్దమ్మ, దాన్ని కూర్చుని చూస్తున్న దద్దమ్మను నేను. రేపు వంకర గీత చూసి ఎవడో కుర్రకుంక, ఆ మూల పాతకాలపుది, అందుకే పోయింది అంటాడు. అంటాడు, నాకు తెలుసు, పేర్లతో సహా చెప్పగలను అనేవాళ్ళను. పోయింది మూల వల్ల కాదురా అని నేనెలా చెప్పను అప్పుడు. ఇందులో మంచితనమేమీ లేదు. మంచితనం వచ్చేదైతే చుక్క చూసినప్పుడే వచ్చేది, ఫోన్ వచ్చినప్పుడైనా వచ్చేది. కోపంతోనే లేచాను. కుర్చీ వెనక్కి పడింది.

తలుపు తీశాను. వేడి మొహానికి కొట్టింది. పక్క తెర మీద ఇంతసేపూ చదునుగా నడిచిన గీత కాళ్ళు విరిగినట్టు కిందికి జారింది.

"ఏయ్, ఏం చేస్తున్నావే!" జోరా లేచిపోయింది. ఆ మీరు అనే మాట ఎక్కడ పడిపోయిందో పడిపోయింది.

సన్న పట్టకారు తీసుకుని కుడివైపు ముక్కను పట్టుకున్నాను. నా చెయ్యి వణకలేదు, ఈ పనిలో నా చెయ్యి ఎప్పుడూ వణకదు. చల్లటి పళ్ళెంలో పెట్టాను. "దీనికి ఇదివరకే అయిపోయింది. లాదో పెట్టేశాడు. సంచి మీద చుక్క చూడు."

"ఏం చుక్క?"

"నీలం చుక్క. కాపడం అయినట్టు గుర్తు. ఇక్కడందరికీ తెలుసు."

సంచి తీసుకుంది. దీపం కిందకు పట్టి చూసింది, బొటనవేలితో రుద్దింది. పోలేదు. "నాకు తెలియదే" అంది, నాతో కాదు, సంచితో. ఆ తరువాత ఓవెన్ మీది అంకెల వంక చూసింది. మా పనిలో ఉన్నవాళ్ళెవరికైనా ఆ కూడిక నోటిమీద ఉంటుంది, మొన్నటి ఎనభై, ఇప్పటి అరవై పైచిలుకు, రెండూ కలిపితే వోల్టేజి ఎక్కడికి పోతుందో, మూల దాన్ని తట్టుకుంటుందో లేదో. పెదవులు కదిలాయి. కూర్చుంది.

"ఈ చుక్క పద్ధతి ఎప్పుడు మొదలైంది?"

"నువ్వు వెళ్ళాక."

తలూపింది. ఎందుకు మొదలైందో అడగలేదు. నత్రజని తెరిచిన తలుపులోంచి నా కాళ్ళ మీదకు వస్తోంది.

"నువ్వెప్పుడు చూశావు?"

నోరు తెరిచాను. నిజం చెప్పడానికే తెరిచానని నా నమ్మకం. మొదట్లోనే చూశాను, సంచి విప్పుకోగానే చూశాను, నువ్వు మొదటి అంజూర పండు తింటున్నావు. మాటలు వరసగా సిద్ధంగా ఉన్నాయి. వచ్చినవి అవి కావు.

"ఇప్పుడే" అన్నాను. "నిజంగా, ఇప్పుడే, ఒట్టు."

ఆ మాటలు గదిలో పడ్డాక గానీ ఎవరివో తెలియలేదు నాకు. ఒట్టుతో సహా ఆమెవే. ఆ వరండాలోవే. ఇరవై ఏళ్ళు వెక్కిరిస్తూ, గొంతు మార్చి, చేతులు తిప్పి, కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆడి చూపించిన మాటలు. ఆమెకూ తెలిసింది. తెలియకుండా ఎలా ఉంటుంది. గడియారం వంక చూడలేదు ఈసారి, నా వంక చూసింది, పొద్దుటి నుంచీ మొదటిసారి. చూసి, బల్ల మీద బోర్లా పడి ఉన్న ఫోన్ వంక చూసింది. నేనూ దాని వంకే చూశాను, చూడకూడదని తెలిసి కూడా.

"లాదో ఏమన్నాడన్నావు?"

"నమస్కారాలు చెప్పమన్నాడు."

సంచిని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో పెట్టుకుంది. లేచి, నన్ను దాటుకుని వెళ్ళి, ఓవెన్ తలుపు రెండు వేళ్ళతో తోసింది. క్లిక్‌మంది. లోపల నా ముక్క ఒక్కటే ఉంది, ఎడమవైపు. వేడి మళ్ళీ అరవైకి ఎక్కేదాకా అక్కడే నిలబడి చూసింది, నా ముక్క కోసం, తన ముక్క కోసం చూసినంత శ్రద్ధగానూ. తరువాత కిందపడ్డ నా కుర్చీ ఎత్తి నిలబెట్టింది.

"కూర్చో" అంది. "నమ్ముతున్నాలే. మనిద్దరిలో ఒకళ్ళైనా నమ్మాలి కదే."

కూర్చున్నాను. మిగిలిన నిమిషాలన్నీ ఆమె నా ఎదురుగానే కూర్చుంది, షరతులో ఉన్నట్టుగానే, మధ్యలో లేవకుండా.